పైపు మీద పుదీనా

బాయిలర్ బాబాయికి గొప్పలు చెప్పుకోవడమంటే మహా ఇష్టం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మనకూ ఆయనకూ పేచీ ఉండదు. అయితే ఆయన చెప్పుకునే గొప్పల్లో అబద్ధం ఉండేది కాదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి అబద్ధమని ఆయనకూ తెలియదు.

ఆయన పనిచేసేది చలికాలం మంచు కురిసే కొండ ఊళ్లో, రెండు వందల మంచాల ఆసుపత్రిలో. వెనకవైపు ప్రహరీని ఆనుకుని బాయిలర్ గది, దానికి ముప్ఫై గజాల దూరంలో లాండ్రీ. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి ఒక పైపులో నేల కిందుగా వెళ్లి లాండ్రీలోని ప్రెస్సు మిషన్లను వేడెక్కిస్తుంది. రోగుల కింద పరిచే దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, పిల్లల వార్డు తువ్వాళ్లు అన్నీ ఆ ప్రెస్సుల కింద ఆరి, చదునై బయటికి రావాల్సిందే. ఇరవై ఆరేళ్లుగా ఆ ఆవిరిని కాచేది బాబాయే. గేజి ముల్లు చూడకుండానే, బాయిలర్ చప్పుడు విని లోపల ఆవిరి ఒత్తిడి ఎంత ఉందో చెప్పేస్తాడు. "దాని గొంతు నాకు తెలుసయ్యా, నా పెళ్లాం గొంతు కన్నా ఎక్కువ విన్నా" అంటాడు.

ఆ గొప్ప నిజమే. ఎవరూ కాదనరు. కానీ ఆయన అసలు గొప్పంతా తోట గురించి.

బాయిలర్ గది గుమ్మం నుంచి లాండ్రీ గోడ దాకా, బారెడు వెడల్పున, గీత గీసినట్టు సాగే మడి అది. తొమ్మిదేళ్ల కింద ఒక శీతాకాలం, కషాయం కాచి మిగిలిన పుదీనా కాడల్ని బాబాయి గుమ్మం బయట పారేస్తే, వారం తిరిగేసరికి అవి వేళ్లూని కూర్చున్నాయి. ఆసుపత్రి ఆవరణలో మిగతా చెట్లన్నీ ఆకు రాల్చి మోడులై నిలబడిన రోజులవి. ఆయన ముచ్చటపడి పక్కనే వాము మొక్క పెట్టాడు, బతికింది. నిమ్మగడ్డి పెట్టాడు, గుబురై కూర్చుంది. చివరికి, చలి గాలి తగిలితేనే చచ్చిపోయే అల్లం కూడా ఆ మట్టిలో దుంప ఊరింది. మిట్టమధ్యాహ్నం కాస్త ఎండ పొడిస్తే చాలు, ఎక్కడెక్కడి తేనెటీగలో ఆ మడి మీదికి వచ్చి ముసిరేవి. భోజనం గిన్నె పట్టుకుని వాటి పక్కన కూర్చోవడం బాబాయికి అలవాటు. అవి తన మొక్కల్ని వెతుక్కుంటూ వచ్చాయని లోలోపల పొంగిపోయేవాడు.

"ఇంత చలిలో ఎలా పెంచుతున్నావు బాబాయ్?" అని ఎవరైనా అడగడమే తరువాయి. ఆయన రెండు చేతులూ చాపి, మసి పట్టిన అరచేతులు చూపించేవాడు.

"అంతా చేతి చలవ. నేర్చుకుంటే వచ్చేది కాదు."

రోజూ తెల్లవారగానే మడిలోకి దిగి ఆకు కోసేవాడు. అల్లం తరగడు, రాతి మీద పెట్టి ఒక్క దెబ్బలో నలగ్గొడతాడు. తరిగితే ఘాటంతా కత్తికే అంటుకుంటుందని ఆయన నమ్మకం. మిరియాలు, దాల్చిన చెక్క ముక్కలు వేసిన పెద్ద స్టీలు గిన్నెను బాయిలర్ భుజం మీద, మంట సెగ తగిలే చోట పెడతాడు. అందులోకి కుళాయి నీళ్లే. బాయిలర్ నీళ్లలో మందు కలుస్తుంది, అవి తాగేవి కావని, అడిగినా అడగకపోయినా అందరికీ చెప్తాడు. గిన్నె తెర్లాక దించి, అప్పుడు వాము ఆకు, పుదీనా తుంపి వేసి మూత పెడతాడు. గేజిలన్నీ చూసి, పుస్తకంలో అంకెలు రాసి వచ్చేసరికి కషాయం సిద్ధం.

ఎవరి గ్లాసు వారిది. అంబులెన్సు డ్రైవరుకు మిరియం ఘాటు తగలాలి, అడుగున పేరుకున్నదంతా ఆయనకే. కడుపులో మంట ఉన్న ఆయాకు అల్లం పడదు, ఆమెకు వేరే చిన్న గిన్నెలో దాల్చిన చెక్క నీళ్లు. రాత్రంతా నిలబడి దిగిపోయే నర్సులకు నిమ్మగడ్డి ఎక్కువ. చలికాలం పొద్దున్నే ఆ గుమ్మం ముందు పదిహేను ఇరవై మంది ఆవిర్లు ఊదుకుంటూ నిలబడితే, బాబాయి గరిటె పట్టుకుని రాజులా ఉండేవాడు.

ఆ వరసలో అందరికన్నా ముందు ఉండేది మడతలక్క. లాండ్రీ పెద్ద ఆమె. దుప్పటిని గాల్లో విసిరి నాలుగు మడతలు పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఆ పేరు వచ్చింది. ఆమె కింద ఏడుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. బాబాయికీ మడతలక్కకూ రోజూ గ్లాసు చేతికందేదాకా స్నేహం, అందిన తర్వాత గొడవ.

"ఆవిరి చెమ్మగా వస్తోంది బాబాయ్. దుప్పటి రెండుసార్లు వేసినా ఆరట్లేదు."

"ఆవిరికి చెమ్మేంటమ్మాయ్? నా గేజి చూడు, ముల్లు ఎక్కడుందో. నీ ప్రెస్సు పళ్లెం తుడుచుకో ముందు."

"తుడిచాను."

"ఇంకోసారి తుడువు."

రెండు శీతాకాలాలుగా ఇదే మాట, ఇదే జవాబు. ఆమె తుడుస్తూనే ఉంది, దుప్పట్లు చెమ్మగానే వస్తున్నాయి. పైపును ఒకసారి తవ్వి చూద్దామన్న ఆలోచన బాబాయి దరిదాపుల్లోకి రాలేదు. ఎందుకొస్తుంది? తొమ్మిదేళ్ల కింద కొత్త పైపు వేసినప్పుడు దాని మీద వేడి నిలిపే ఉన్ని చుట్టింది ఆయనే. పైన రాతి పలకలు పరిచి, జానెడు మట్టి కప్పిందీ ఆయనే. తన చేత్తో చేసిన పనిని తను అనుమానించేంత అమాయకుడు కాదు బాబాయి. అంత తెలివైనవాడూ కాదని తర్వాత తేలింది.

ఆ ఏడు చలి మరీ ముదిరింది. ఒక రోజు పిల్లల వార్డుకు చెమ్మ దుప్పట్లు వెళ్లాయి. ఆ కబురు పెద్ద డాక్టరు గారి చెవిన పడింది. ఆయన లాండ్రీకి వచ్చి, మడత పెట్టిన దుప్పట్ల దొంతరలో చెయ్యి పెట్టి చూసి, మాట పెంచకుండా చెప్పేశారు.

"నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే బట్టలన్నీ బయట లాండ్రీకి ఇచ్చేస్తాం. ఈ గది మూసేద్దాం."

నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులు. ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు పొద్దున మడతలక్క గ్లాసు అందుకుంది గానీ గొడవ పెట్టుకోలేదు. అది బాబాయికి అస్సలు నచ్చలేదు.

"ఏంటమ్మాయ్, నోరు పడిపోయిందా?"

"ఇరవై ఏళ్ల పని బాబాయ్. పన్నెండు రోజుల్లో ఏం మాట్లాడమంటావు?" అని గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. సగం కూడా తాగలేదు.

ఆ రోజంతా బాబాయికి అన్నం సయించలేదు. తప్పు ఆ పాత ప్రెస్సులదేనని తనకు తాను పదిసార్లు చెప్పుకున్నాడు. అయినా ఆమె తాగకుండా వదిలేసిన ఆ గ్లాసు కళ్లముందు కదులుతూనే ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున లాండ్రీ మీది నీళ్ల ట్యాంకు గడ్డకట్టి, కుళాయిలు ఆగిపోయాయి. బాబాయి ఒక కెటిల్ నిండా వేణ్నీళ్లు పట్టుకుని ఇనుప నిచ్చెన ఎక్కాడు. ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే తేలుడు బంతి బిగుసుకుపోతే, దాని మీద నీళ్లు పోసి విడిపించి, నడుం నిమురుకుంటూ కిందికి చూశాడు.

ఆవరణ అంతా తెల్లగా ఉంది. దారులు, పచ్చిక, పాత కుర్చీల గుట్ట, అంబులెన్సు కప్పు, అన్నిటి మీదా మంచు పేరుకుంది. ఆ తెలుపు మధ్యలో, బాయిలర్ గుమ్మం నుంచి లాండ్రీ గోడ దాకా, ఒకే ఒక్క పచ్చటి గీత. దాని మీద మంచు జాడ లేదు. సన్నగా పొగలు కూడా లేస్తున్నాయి.

ముందు బాబాయి ఛాతీ ఉబ్బింది. తొమ్మిదేళ్లలో తన తోటను పైనుంచి చూడటం అదే మొదటిసారి. "చూశావా, ఎలా ఉందో!" అని పక్కన ఎవరూ లేకపోయినా పైకే అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే చూపు గీత వెంట నడిచింది. అంత నిటారుగా, ఇటు అంగుళం అటు అంగుళం తేడా లేకుండా మొక్కలు ఎందుకు పెరిగాయి? ఆ గీత కింద ఏముంది?

పైపు. నిచ్చెన ఎలా దిగాడో ఆయనకే తెలియదు. పుదీనా మరీ దట్టంగా ఉన్న చోట, లాండ్రీ గోడ దగ్గర, మోకాళ్ల మీద కూలబడి మట్టిలో చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. మట్టి తోడి, పలకల మధ్య సందులో వేలు దూర్చి లాగితే ఉన్ని ముక్క వచ్చింది. పిండితే నీళ్లు కారాయి.

పైపుకు చుట్టిన ఉన్ని పొడిగా ఉన్నంతసేపే వేడిని పట్టి ఉంచుతుంది. తడిస్తే అదే వేడిని బయటికి లాగేస్తుంది. ఇది ఆయన కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే పాఠం. మొదట్లో పలకల సందుల్లోంచి ఏ కాస్త వెచ్చదనమో పైకి తగిలి పుదీనా బతికి ఉంటుంది. అది చూసి మురిసిపోయి తను సాయంత్రం సాయంత్రం నీళ్లు పోశాడు. పోసిన నీళ్లు సందుల్లోంచి దిగి ఉన్నిని తడిపాయి. ఉన్ని తడిసిన కొద్దీ మట్టి వెచ్చబడింది, మట్టి వెచ్చబడిన కొద్దీ తోట పెరిగింది, తోట పెరిగిన కొద్దీ తను ఇంకో రెండు కడవలు ఎక్కువ పోశాడు. పైపులో ఆవిరి మాత్రం దారిలోనే చల్లారి, సగం నీళ్లై, మడతలక్క ప్రెస్సుల్లోకి చేరింది. గేజి తన గదిలో ఉంది కాబట్టి ముల్లు కదల్లేదు.

ఆ రోజు కషాయం కాచాడు గానీ ఎవరి కళ్లల్లోకీ చూడలేకపోయాడు. అంబులెన్సు డ్రైవరు అలవాటుగా, "చేతి చలవంటే నీదే బాబాయ్" అన్నప్పుడు చెంప మీద కొట్టినట్టనిపించింది.

ఇంటికెళ్లి భార్యతో అంతా చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. విని, చేట పక్కన పెట్టింది.

"ఇప్పుడేం చేద్దామని?"

"ఆదివారం లాండ్రీకి సెలవు. ఎవరూ లేనప్పుడు తవ్వి, ఉన్ని మార్చేస్తా. పైపు అతుకు వదిలిందని చెప్తే సరిపోతుంది."

"ఎవరికి సరిపోతుంది?"

ఆయన అరచేతుల మసి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"తొమ్మిదేళ్లుగా మీ చేతి చలవ అని ఊరందరికీ చెప్పుకున్నారు. ఇదీ మీ చేతి చలవేనని చెప్పండి. ఆ పిల్ల రెండేళ్లుగా మీ మాట మీద ఆ పళ్లేలు తుడుస్తోంది."

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ నోటి వెంట వచ్చిన మాటలన్నిటిలోనూ అది ఎక్కువ మంట పెట్టింది. అది నిజం కాబట్టి.

మర్నాడు బాబాయి లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. ఎనిమిది మందీ పనిలో ఉన్నారు. చేతిలో ఆ తడి ఉన్ని ముక్క ఉంది. గొంతు సవరించుకుని, గొప్పలు చెప్పేటప్పుడు ఎంత గట్టిగా చెప్తాడో అంత గట్టిగానే చెప్పాడు.

"అమ్మాయ్, నీ ప్రెస్సులో ఏ తప్పూ లేదు. తప్పు నాది. నా తోటకు నేను పోసిన నీళ్లే పైపు మీది ఉన్నిని తడిపేశాయి. నీకు రావాల్సిన వేడి తిని నా పుదీనా పెరిగింది."

ప్రెస్సులు ఆగిపోయాయి. మడతలక్క దగ్గరికొచ్చి ఆ ఉన్నిని తీసుకుని పిండింది. చేతుల మీంచి కారిన నీళ్లు చూసుకుంది. ఆమె నవ్వలేదు.

"రెండు శీతాకాలాలు బాబాయ్. నా చేతుల మీద బొబ్బలెన్నో తెలుసా? నిన్ను నమ్మి నా పనినే అనుమానించుకున్నాను. ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్న పని, నాకే చేతకావట్లేదేమో అనుకున్నాను."

బాబాయి తల దించుకున్నాడు. అది ఆయనకు అలవాటు లేని పని, మెడ నొప్పెట్టింది.

"ఆదివారం తవ్వి బాగు చేస్తా" అన్నాడు.

"మరి మొక్కలు?"

"పోతాయి. ఈ చలిలో బయట బతకవు."

ఆమె ఉన్నిని ఆయన చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. ప్రెస్సులు మళ్లీ మొదలయ్యాయి.

ఆదివారం బాబాయి ఆవిరి కవాటం మూసి, పారతో మడిలోకి దిగాడు. మొదటి పుదీనా గుబురు మీద పార ఆనించాడు గానీ చెయ్యి కదల్లేదు. అలా నిలబడి ఉండగా వెనక డబ్బాల చప్పుడైంది. మడతలక్క, ఆమె వెనక ఏడుగురు, తలా రెండు ఖాళీ సబ్బుపొడి డబ్బాలతో వస్తున్నారు. అడుగున మేకుతో చిల్లులు కూడా పొడిచి తెచ్చారు.

"కోపం పోలేదు, అది వేరే సంగతి" అంది ఆమె. "మొక్కలేం పాపం చేశాయి? వేరు తెగకుండా ఎలా తియ్యాలో చెప్పు."

బాబాయికి కళ్లు చెమర్చాయి. అది కప్పిపుచ్చుకోవడానికి అరవడం మొదలుపెట్టాడు. "అలా లాగితే ఎలాగమ్మా, అది దుప్పటనుకున్నావా? చుట్టూ తవ్వు, మట్టితో సహా ఎత్తు! అల్లం లోతుగా ఉంటుంది, నెమ్మది!"

మధ్యాహ్నానికి మడి ఖాళీ అయింది. పలకలు ఒక్కొక్కటే లేపారు. కిందున్నది చూడ్డానికి అందరూ వంగారు. పుదీనా వేళ్లు పలకల సందుల్లోంచి దిగి, తడి ఉన్నిలోకి చొచ్చుకుపోయి, పైపు పొడవునా తెల్లగా జడలా అల్లుకుని ఉన్నాయి. అంత సిగ్గులోనూ బాబాయి ఉండబట్టలేకపోయాడు.

"ఎంత దూరం పోయిందో చూడండమ్మా వేరు! ఇలాంటిది ఎక్కడైనా చూశారా?"

"నోరు మూసుకుని లాగు బాబాయ్" అంది మడతలక్క. ఈసారి నవ్వింది.

పాత ఉన్ని అంతా నానిన అట్టలా ఊడొచ్చింది. పైపును తుడిచి, ఆరబెట్టి, బాబాయి కొత్త ఉన్ని చుట్టాడు. ఒక పొర మీద రెండో పొర, అతుకు మీద అతుకు రాకుండా. మీద తీగ బిగించాడు. దాని మీద రేకు తొడిగి, అంచులు కిందికి ఉండేలా తిప్పాడు, నీటి చుక్క పడ్డా జారిపోవాలే గానీ లోపలికి దిగకూడదని. పలకల సందులు సిమెంటుతో మూశాడు. పొద్దు వాలేదాకా తల ఎత్తలేదు. ఆయన చేతులు పనిచేస్తుంటే చూడ్డానికి ఎనిమిది మందీ ఇళ్లకు వెళ్లకుండా అక్కడే నిలబడ్డారు. ఇరవై ఆరేళ్ల పనితనం ఆ వేళ్లలో ఉంది, అందులో అబద్ధం లేదు.

సోమవారం పొద్దున కవాటం తిప్పాడు. లాండ్రీలో మొదటి ప్రెస్సు బుస్సుమంది. మడతలక్క దుప్పటి వేసి, తీసి, చెంపకు ఆనించుకుంది. ఒక్కసారికే ఆరిపోయింది. ఆమె ఆ దుప్పటిని గాల్లోకి విసిరి నాలుగు మడతలు పెట్టి, బాబాయి చేతుల్లో పెట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.

నెలాఖరున పెద్ద డాక్టరు గారు వచ్చి దొంతర మధ్యలోకి చెయ్యి దూర్చారు. ఇంకో దొంతరలో దూర్చారు. ఆఖరికి చెయ్యి తీసి, "సరే, లాండ్రీ ఇక్కడే ఉంటుంది. ఏం చేశారు?" అని అడిగారు.

"బాబాయి పైపు బాగు చేశాడు సార్" అంది మడతలక్క.

"పాడు చేసిందీ నేనే సార్" అన్నాడు బాబాయి. "రెండూ రాసుకోండి. ఒకటే రాస్తే నేను ఒప్పుకోను."

పెద్ద డాక్టరు గారు తల ఊపి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే మళ్లీ మంచు కురిసింది. బాబాయి తెల్లవారకముందే వచ్చి లాండ్రీ మీదికి ఎక్కాడు. ట్యాంకు గడ్డకట్టలేదు, ఎక్కాల్సిన పనీ లేదు. వెలుతురు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. కింద ఆవరణ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లగా, ఎక్కడా మరక లేకుండా పరుచుకుని ఉంది. తోట ఉన్న చోటు ఏదో తెలియడం లేదు. చుక్క వేడి కూడా దారిలో పోకుండా లాండ్రీకి చేరుతోంది.

గబగబా దిగి, వచ్చినవాళ్లను వచ్చినట్టు పట్టుకుని నిలబెట్టాడు. డ్రైవరు, ఆయా, నర్సులు, లాండ్రీ వాళ్లు, అందరినీ.

"చెప్పండి చూద్దాం, నా పైపు ఎక్కడుందో! వేలు పెట్టి చూపించండి!"

ఒకరు ఇటు చూపించారు, ఒకరు అటు. తొమ్మిదేళ్లు ఆ మడి దాటుకుంటూ తిరిగిన డ్రైవరు ఏకంగా గేటు వైపు చూపించాడు. బాబాయి అందరికీ కాదని తల ఊపుతూ, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. పచ్చటి మడి ముందు కూడా ఎప్పుడూ అంత గర్వంగా నిలబడలేదు. ఏమీ కనపడకపోవడమే ఆయన పనితనం.

వరసగా నిలబడ్డవాళ్లు గ్లాసుల కోసం అలవాటుగా బాయిలర్ గది వైపు చూశారు. బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది, గిన్నె పెట్టలేదు, కొయ్యడానికి ఆకు లేదు. చేతులు నడుం మీంచి దిగాయి.

లాండ్రీ తలుపు తెరుచుకుంది. మడతలక్క రెండు చేతులా పళ్లెం పట్టుకుని వస్తోంది, దాని నిండా పొగలు కక్కే గ్లాసులు. ఆమె వెనక కిటికీ అరుగు మీద పదహారు సబ్బుపొడి డబ్బాలు. ప్రెస్సులు పని చెయ్యగా మిగిలిన వేడిలో పుదీనా, వాము, నిమ్మగడ్డి అద్దానికి ఆనుకుని పచ్చగా ఉన్నాయి. మధ్య డబ్బాలో అల్లం కొత్త మొలక వేసింది.

"మొదటి గ్లాసు నీదే" అంది ఆమె. "అల్లం తరగలేదు. నలగ్గొట్టాను."

ఇరవై ఆరేళ్లలో ఆ ఆవరణలో బాబాయి చేతికి ఒకరు గ్లాసు అందించడం అదే మొదటిసారి. ఆయన ఊదుకుని ఒక గుక్క తాగాడు. ఘాటు గొంతులోంచి గుండె దాకా దిగింది. ఎవరు ఏం కాచినా ఏదో ఒక వంక పెట్టే మనిషి కదా, ఏమంటాడోనని అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు.

బాబాయి గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ చాపాడు.

"చేతి చలవంటే ఇదమ్మా" అన్నాడు.